రెండో జూదం



చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో వేసవి వచ్చిందంటే ఏదో ఒక ఊర్లో భారతం జరుగుతూనే ఉంటుంది. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి ముందు పందిరి లేస్తుంది. పద్దెనిమిది రోజుల పండగ. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధి నాటకం. అర్జున తపస్సు రోజు తపసుమాను చుట్టూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ చేరతాయి. దుర్యోధన వధ నాడు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు నేలమీద పరచుకుని ఉంటాడు. ఆఖరున అగ్నిగుండం. ఇన్ని రాత్రుల్లో చాపలమీద కూర్చున్న ముసలమ్మలు కూడా కునుకు తీయకుండా చూసే రాత్రి ఒకటుంది. అది పాచికలాట రాత్రి.

ధర్మరాజు ముందు మణులు ఒడ్డుతాడు. పోతాయి. బంగారం ఒడ్డుతాడు. పోతుంది. రథాలు, ఏనుగులు, గుర్రాలు, గోవులు, రాజ్యం, ఒకదాని వెంట ఒకటి పోతాయి. నకులుణ్ణి ఒడ్డుతాడు, సహదేవుణ్ణి ఒడ్డుతాడు, అర్జునుణ్ణి, భీముణ్ణి, చివరికి తన్ను తానే ఒడ్డుకుంటాడు. ఆ తర్వాత ద్రౌపది. ఇంత ఆటలో ఆయన ఒక్క పందెమైనా గెలవడు. ఎదురుగా ఉన్నది మోసగాడి పాచికలని సభలో కొందరికి తెలుసు. విదురుడు ఆపమని మొత్తుకుంటాడు. ఆయన ఆగడు. ధర్మం తెలిసినవాడు, తమ్ముళ్ళను ప్రాణంగా చూసుకునేవాడు, ఎందుకు ఆగలేదన్న ప్రశ్నను ఈ జిల్లాల్లో తరతరాలుగా ప్రతి వేసవీ ఊరి నడుమ నిలబెట్టి అడుగుతున్నారు.

అదే వేసవి ఐపీఎల్ కాలం కూడా. 2008లో మొదలైనప్పటి నుంచీ దాదాపు ప్రతి ఏటా ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు ఆ ఆటవే. సాయంత్రం ఏడున్నరకు టాస్ అయిపోయి మొదటి బంతి పడుతుంది. తిరుపతి హాస్టల్ గదుల్లో, చిత్తూరు బస్టాండు దగ్గర టీ అంగళ్ళలో, మదనపల్లె మండీల్లో, కుప్పం నుంచి బెంగళూరుకు పనికి పోయే రైళ్ళలో చాలామంది ఫోన్లలో ఆ ఆట కనిపిస్తుంది. చూసేవాళ్ళలో ఎక్కువమంది ఆటకోసమే చూస్తారు. కొందరు మాత్రం స్కోరుకంటే ముందు ఫోన్లో ఇంకో అంకె చూస్తారు. తమ బెట్టింగ్ ఐడీలో ఎన్ని పాయింట్లు మిగిలాయన్న అంకె అది. ఈనాటి ప్రసంగం వాళ్ళ గురించి, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ గురించి. మరీ ముఖ్యంగా వరసగా ఓడిపోతున్నప్పుడు వాళ్ళ లోపల ఏం జరుగుతుందో, ఆ స్థితిలో మానేయాలా వద్దా అన్న మాట ఎలా తేలుతుందో, దాని గురించి.

ఓ డిగ్రీ కుర్రాణ్ణి ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. స్నేహితుడు ఐడీ ఇప్పించాడు. మొదట ఐదు వందలు పెట్టాడు, వచ్చింది. మళ్ళీ పెట్టాడు, వచ్చింది. తర్వాత వరసగా నాలుగు మ్యాచ్‌లు పోయాయి. వాడి నోట వచ్చే మాట ఈ ప్రాంతంలో బెట్టింగ్ దగ్గర మసలినవాళ్ళందరూ విన్నదే. "ఈ ఒక్క మ్యాచ్ కొడితే సాలున్నా, పోయింది వచ్చేస్తే మానుకుంటా." వినడానికి బుద్ధిగా ఉంటుంది. మానే ఆలోచన ఉంది, హద్దూ ఉంది అనిపిస్తుంది. నిజానికి ఆటగాడు నోరు తెరిచి చెప్పే మాటల్లో ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకోటి లేదు. మానేయడానికి ఒక షరతు పెట్టాడు వాడు. ఆ షరతు తీరాలంటే ఆడాలి. పోయినకొద్దీ ఇంకా ఎక్కువ ఆడాలి.

అసలు వరస ఓటములు ఎంత సహజమో ముందు లెక్క చూద్దాం. రెండు వైపులా సమాన అవకాశం ఉన్న పందేలు వంద వేస్తే, అందులో ఎక్కడో ఒకచోట వరసగా ఐదు ఓటములు తగిలే అవకాశం నూటికి 81. వరసగా ఆరు తగిలే అవకాశం నూటికి దాదాపు 55. అంటే ఐదు వరస ఓటములు దురదృష్టమూ కాదు, దిష్టీ కాదు, గ్రహపాటూ కాదు. బొమ్మా బొరుసూ ఎగరేసే ఎవరికైనా తగిలే మామూలు సంగతి. ఇక్కడ మనసు చేసే తప్పు ఒకటుంది. "ఐదు పోయాయి కదా, ఆరోది రావాల్సిందే" అనుకుంటుంది. 1913 ఆగస్టు 18న మాంటీకార్లో కాసినోలో రూలెట్ చక్రం మీద గోళీ వరసగా 26 సార్లు నలుపు గడిలోనే పడింది. పదిహేను దాటాక జనం ఎగబడి ఎరుపు మీద డబ్బు కుమ్మరించారు, ఇక ఎరుపు రాక తప్పదని. లక్షలు పోగొట్టుకున్నారు. గోళీకి వెనకటి పడటాలు గుర్తుండవు. పాచికకూ ఉండవు. ఓవర్లో వచ్చే పరుగులకు నిన్నటి మీ నష్టం గుర్తుండదు.

ఇది పాత కథే. ఈ మధ్య తేలిన సంగతి ఇంతకంటే లోతైనది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జువెమిన్ షు, నైజెల్ హార్వీ అనే ఇద్దరు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. 776 మంది ఆన్‌లైన్‌లో వేసిన 5,65,915 క్రీడా పందేలను వాళ్ళు ఒక్కొక్కటీ పట్టి చూశారు. ఓడిపోతున్నవాళ్ళు తర్వాతి పందెంలో కూడా ఓడిపోయే అవకాశం నిజంగానే పెరుగుతూ పోయిందని తేలింది. అదృష్టం పగబట్టి కాదు. ఓడుతున్నవాళ్ళు ఇక గెలుపు రావాల్సిందేనని, గెలిచే అవకాశం తక్కువగా, డబ్బు ఎక్కువగా వచ్చే పందేలను ఎంచుకున్నారు. గెలుస్తున్నవాళ్ళేమో జాగ్రత్తపడి ఎక్కువగా వచ్చే అవకాశమున్న చిన్న పందేలవైపు పోయారు. అంటే వరస ఓటమి అన్నది బయటినుంచి వచ్చి పడేది కొంతే. మిగతాది ఓడినవాడి చేతులే అల్లుతాయి. ఈ పరిశోధన గురించి చదివాక పాచికలాట రాత్రి మరో రకంగా కనిపిస్తుంది. ధర్మరాజు ఒడ్డిన వరస చూడండి. మణులు, రథాలు, రాజ్యం, తమ్ముళ్ళు, తాను, ద్రౌపది. ప్రతి ఓటమీ తర్వాతి పందేన్ని పెద్దది చేసింది.

డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో రాసిన వ్యాసం ఒకటి ప్రపంచమంతటికీ తెలుసు. కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ రావడానికి అదే ముఖ్య కారణం. నూరు రూపాయలు వస్తే కలిగే సంతోషంకంటే నూరు పోతే కలిగే బాధ ఎంతో పెద్దదని వాళ్ళు చూపించారు. అదే వ్యాసంలో ఇంకో సంగతీ ఉంది. తన నష్టంతో రాజీపడని మనిషి, మామూలప్పుడు ముట్టుకోని పందేలకు కూడా సిద్ధపడతాడని చెప్పారు. దానికి వాళ్ళు ఎత్తి చూపింది గుర్రప్పందేల మైదానాన్ని. అమెరికాలో విలియం మెక్‌గ్లోథ్లిన్ 1956లోనే గమనించాడు. మొదటి రేసులో పేరున్న గుర్రాల మీద కాసే జనం, రోజు చివరికి వచ్చేసరికి గెలవడం కష్టమైన గుర్రాల మీద ఎగబడతారు. ఎందుకంటే అప్పటికి చాలామంది నష్టంలో ఉంటారు. ఇంటికి పోయేలోపు లెక్క సరిచేసుకోవాలి. ఒక్క రేసే మిగిలింది. అలాంటి గుర్రం మీద పెడితే ఒకటికి ఇరవై వస్తుంది. మద్రాసు గిండీకీ బెంగళూరు రేసుకోర్సుకూ ఈ ప్రాంతం నుంచి తరాలుగా పోతూ వచ్చిన పెద్దవాళ్ళు ఎవరైనా బతికి ఉంటే, ఆ ఆఖరి రేసు గురించి పుస్తకం లేకుండానే చెప్పగలరు.

ఆ గుర్రప్పందేల్లో ఒక మంచి ఉండేది. రేసుకూ రేసుకూ మధ్య అరగంట విరామం. ఊపిరి పీల్చుకోవడానికి, జేబు తడిమి చూసుకోవడానికి, లేచి బస్సెక్కడానికి ఆ అరగంట చాలు. ఫోన్లో ఆ అరగంట లేదు. ట్వంటీ20 మ్యాచ్ అంటే రెండు వైపులా కలిపి 240 బంతులు. ఆరు ఓవర్లకు ఎంత స్కోరు, ఈ ఓవర్లో ఎన్ని, తర్వాతి వికెట్ ఎప్పుడు, ప్రతిదానికీ పందెముంది. పైగా చాలాచోట్ల డబ్బు చేతి నుంచి పోవడం కళ్ళకు కనిపించదు. బుకీ ముందు అప్పుగా పాయింట్లు ఇస్తాడు, లెక్క వారానికోసారి తేలుతుంది. ఇరవై వేల నోట్లు లెక్కపెట్టి ఇవ్వాల్సి వస్తే వణికే చెయ్యి, ఇరవై వేల పాయింట్ల మీద బొటనవేలు పెట్టడానికి వణకదు.

"అదంతా తెలీనోళ్ళకి నా. నేను క్రికెట్ చూస్తా ఉండా పదిహేనేండ్లుగా" అనేవాళ్ళు ఉన్నారు. ఆట తెలిసినవాళ్ళు నిజంగానే ఉన్నారు. పిచ్ తెలుసు, ఆటగాళ్ళు తెలుసు. కాని పందెం ఆటతో కాదు, రేటుతో. నూరు పెట్టి గెలిస్తే తొంభై ఇచ్చే పందెం తీసుకుందాం. రెండు వైపులా సమాన అవకాశమున్న పందేలు వంద వేస్తే యాభై గెలుస్తాడు, 4,500 వస్తుంది. యాభై ఓడతాడు, 5,000 పోతుంది. ఏ మోసమూ లేకుండా, ఎవరూ ఆటను అమ్ముకోకుండా ఐదు వందలు పోయాయి. ఆ పందేల్లో నష్టం లేకుండా బయటపడాలంటే వందకు 52 కంటే ఎక్కువే గెలవాలి, అదీ ఏళ్ళ తరబడి. రేటు రాసేది అవతలివాడు. అతనికి అన్ని మ్యాచ్‌ల లెక్కలూ తెలుసు, పందెం వేసేవాళ్ళందరి పందేలూ తెలుసు. కుర్రాడికి పదిహేనేళ్ళుగా చూసిన క్రికెట్ తెలుసు.

ఇక రెట్టింపు పద్ధతి. పోతే రెండింతలు పెట్టు, ఎప్పుడో ఒకసారి వస్తుంది, అంతా తిరిగొస్తుంది అని ఒకరికొకరు చెప్పుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులోనే ఈ చిట్కా ఉంది, దానికి మార్టింగేల్ అని పేరు. ఐదు వందలతో మొదలుపెట్టి ఏడు సార్లు వరసగా పోతే అప్పటికి పోయిన మొత్తం 63,500. ఎనిమిదో పందెం 64,000 పెట్టాలి. అది వస్తే, సమానంగా ఇచ్చే పందెమైతే, చేతిలో మిగిలే లాభం మొదటి ఐదు వందలే. ఐదు వందల కోసం లక్షా ఇరవై ఏడు వేల ఐదు వందలు ఒడ్డాలి. అమ్మ గాజులు కుదవ పెట్టేది ఆ ఏడో పందేనికీ ఎనిమిదో పందేనికీ నడుమనే.

మదనపల్లె టమోటా రైతు కూడా వరస నష్టాలు చూస్తాడు కదా, అతనికి ఎవరూ మానేయమని చెప్పరేం అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ మార్కెట్లో కోత కూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. 2023 జూలైలో అక్కడే కిలో వంద రూపాయలు దాటింది. తేడా ఏమిటంటే, టమోటా రైతు నష్టపోయిన ఏడాది కూడా ఎవరింట్లోనో చారు కాగింది. ధర ఎటు పోయినా రైతు ఓడేలా ఆ మార్కెట్‌ను ఎవరూ అల్లలేదు. అతను వరసగా రెండు పంట కార్లు నష్టపోతే మూడో కారుకు విత్తనం మార్చగలడు, వేరుశనగ వేయగలడు, నీళ్ళు తగ్గించగలడు. అతని ఓటమి అతనికేదో నేర్పుతుంది. సిక్స్ కొడతాడా లేదా అన్న పందెంలో ఓడినవాడికి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ఉన్నదల్లా నేర్చుకున్నానన్న భ్రమ. బంతి బౌండరీ గీత దగ్గర పడి దొరికిపోయినప్పుడు "కొంచెంలో పోయింది" అంటాం. ఆ "కొంచెంలో" చాలా మోసకారి. 2009లో ల్యూక్ క్లార్క్ బృందం మెదడు స్కానింగుల్లో చూసింది. గెలుపు అంచుదాకా వచ్చి పోయినప్పుడు, గెలిచినప్పుడు మేలుకునే భాగాల్లోనే కదలిక వస్తోంది. ఓటమిని మెదడు సగం గెలుపుగా జమ వేసుకుంటోంది.

పందెం మానలేకపోవడం బలహీనత, బుద్ధిలేనితనం, పెంపకం లోపం అని ఇంట్లోవాళ్ళు తిట్టడం సహజం. వైద్యులు దీన్ని ఇప్పుడు జబ్బుగానే చూస్తున్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. 2013లో మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కకు తెచ్చి పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఉంది. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్ వంటి కొన్ని మందులవల్ల, జీవితంలో చీట్లపేక ముట్టని పెద్దమనుషుల్లో కొందరు జూదం మొదలుపెట్టడం, మందు తగ్గిస్తే అది తగ్గడం వైద్యులు చూశారు. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అవసరం లేదు, ఇది మెదడుకు సంబంధించిన సంగతి అనడానికి.

ఆ వైద్యుల జాబితాలో తొమ్మిది గుర్తులున్నాయి. పన్నెండు నెలల్లో నాలుగు కనిపిస్తే జబ్బనే అంటారు. అదే సంతోషం కోసం పందెం సొమ్ము పెంచుతూ పోవడం. ఆపాలంటే చిరాకు, అసహనం. ఎన్నోసార్లు మానాలని చూసి మానలేకపోవడం. ఎప్పుడూ అదే ధ్యాస. మనసు బాగాలేనప్పుడల్లా ఆటవైపు పోవడం. పోయిన డబ్బును వెంటాడుతూ మర్నాడు మళ్ళీ రావడం. ఇంట్లో అబద్ధం చెప్పడం. చదువో, పనో, కాపురమో దీనివల్ల చెడటం. అప్పు తీర్చమని ఇంకొకరి మీద పడటం. ఈ మాటలు వింటున్న ఎవరైనా తమ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకుని ఉంటే, ఆ లెక్క ఎవరికీ చెప్పక్కర్లేదు. ముందు తమకు తాము ఒప్పుకుంటే చాలు. వాటిలో పోయినదాన్ని వెంటాడటం అన్నది మిగతా అన్నిటినీ లాక్కొచ్చే గుర్తు.

చట్టం సంగతి రెండు మాటల్లో చెప్పుకోవాలి, దానిచుట్టూ భయాలున్నాయి గనక. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని, బెట్టింగ్‌ను నిషేధించింది. నడిపేవాళ్ళకే కాదు, ఆడేవాళ్ళకూ శిక్ష పెట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ళ వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్ళు, యాభై లక్షలు. అప్పటికి భారత జట్టు చొక్కా మీద పేరున్న డ్రీమ్11 కూడా ఆ వారంలోనే డబ్బు పోటీలు ఆపేసింది. ఈ ఆటల్లో 45 కోట్లమంది ఏటా దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని కేంద్రం అప్పట్లో అంచనా చెప్పింది. ఆ ఏడాది మార్చిలోనే హైదరాబాదు మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమావాళ్ళు, సోషల్ మీడియావాళ్ళు కలిపి 25 మంది మీద కేసు పెట్టారు. అప్పటి తెలంగాణ ఆర్టీసీ ఎండీ సజ్జనార్ దీనిమీద పెద్ద ప్రచారమే నడిపారు. ఆ కేంద్ర చట్టం ఆడినవాణ్ణి నేరస్థుడిగా కాక బాధితుడిగా చూస్తోందన్నది ఇళ్ళల్లో తెలియాల్సిన మాట. రాష్ట్ర చట్టంలో ఆడేవాళ్ళకు శిక్ష ఉన్నా, పోలీసులు పట్టుకుంటారన్న భయంతో డాక్టరు దగ్గరికి పోకుండా ఆగిపోయే కుటుంబాలు ఆగనవసరం లేదు. యాప్‌లు మూసినా ఊర్లో బుకీ ఫోను మూగబోలేదు గనక ఈ ప్రసంగం అవసరమూ తీరలేదు.

సరే, మానాలా వద్దా అన్నది ఎప్పుడు తేల్చుకోవాలి? ఓడుతున్నప్పుడు తేల్చుకోబోతే మనసు "పోయింది వచ్చాక" అంటుంది. గెలుస్తున్నప్పుడు తేల్చుకోబోతే "ఇప్పుడే కదా దారిలో పడింది" అంటుంది. రెండు జవాబులూ ఒక్క వైపే తోస్తాయి. అందుకే మ్యాచ్ లేని పొద్దున, కడుపులో ఇంత అన్నం పడ్డాక, బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకుని, ఆరు నెలల్లో ఫోన్‌పే నుంచి పోయిన ప్రతి రూపాయీ కాగితం మీద రాయాలి. వచ్చినవీ రాయాలి. గెలుపులు అందరికీ గుర్తుంటాయి, ఓటములు మసకబారతాయి. కాగితం మసకబారదు. ఆ కింద వచ్చే మొత్తాన్ని చూసి, అది పోయిందని, తిరిగి రాదని ఒక్కసారి పైకి అనగలిగితే పని సగం అయినట్టే. కానెమన్ చెప్పిన రాజీ అదే. మనవాళ్ళు చావు జరిగిన ఇంట్లో మూడో రోజు, పదకొండో రోజు అని పెట్టుకున్నది, పోయినవాళ్ళు పోయారని మనసుకు ఒప్పజెప్పడానికే. పోయిన డబ్బుకు అలాంటి రోజు లేకపోవడంవల్లే అది దెయ్యమై పిలుస్తుంటుంది.

ఆ తర్వాతి పని పుత్తూరు కట్టు లాంటిది. ఎముక విరిగితే ఈ జిల్లాల నుంచే కాదు, తమిళనాడు నుంచి కూడా జనం పుత్తూరు పక్కన రాచపాళెం పోతారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కడతారు. ఎముక అతికేది కట్టువల్ల కాదు, ఎముక తనంతట తాను అతుక్కుంటుంది. కట్టు చేసేదల్లా దాన్ని కదలనీయకపోవడం. పందెం మానేవాడికీ అదే కావాలి. జీతం నేరుగా అమ్మ ఖాతాకో, భార్య ఖాతాకో పడేలా చేయడం. యూపీఐ తీసేసి కొన్ని నెలలు చేతి ఖర్చుకు నోట్లు మాత్రమే పెట్టుకోవడం. ఐడీ ఇచ్చినవాడి నంబరు, ఆ వాట్సాప్ గ్రూపులు తీసేయడం. మళ్ళీ వాడు పిలుస్తాడని తెలుసు గనక సిమ్ మార్చినా తప్పులేదు. సంకల్పం గట్టిదైతే ఇవన్నీ ఎందుకని కొందరంటారు. కాలు గట్టిదైనా విరిగినప్పుడు కట్టు కట్టించుకుంటాం కదా.

రష్యా రచయిత దొస్తొయెవ్‌స్కీ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అప్పులు మీదపడి, ఒప్పందం గడువు ముంచుకొచ్చి, 1866లో 26 రోజుల్లో ఒక జూదరి గురించి నవల చెప్పి రాయించాడు. రాసుకున్న అమ్మాయి అన్నా. మరుసటి ఏడాది ఆమెనే పెళ్ళాడాడు. అంత బాగా జూదాన్ని అర్థం చేసుకుని రాసిన మనిషి, పెళ్ళయిన కొన్ని నెలలకే జర్మనీలో ఆమె చెవికమ్మలు తాకట్టు పెట్టి ఆడాడు. తెలియడం వేరు, ఆగడం వేరు అనడానికి ఇంతకంటే ఏం కావాలి. 1871 ఏప్రిల్‌లో వీస్‌బాడెన్‌లో మళ్ళీ అంతా పోగొట్టుకుని, ఇక అయిపోయిందని అన్నాకు ఉత్తరం రాశాడు. అలాంటి ఉత్తరాలు అంతకుముందూ రాశాడు. ఈసారి నిలబడ్డాడు. 1881లో పోయేదాకా మళ్ళీ ఆడలేదు. మనసు మారింది నిజమే. 1872 చివరికల్లా జర్మనీలో కాసినోలన్నీ చట్టం ప్రకారం మూతపడ్డాయన్నదీ నిజమే. తలుపు మూసి ఉండటం కూడా మనిషికి సాయమే.

ఇక అప్పులు. నూటికి ఐదు, నూటికి పది వడ్డీలు, లోన్ యాప్‌లు, స్నేహితుల దగ్గర చేబదుళ్ళు. పందెపు ఒప్పందం చెల్లదని 1872 నాటి ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. పందెం సొమ్ము కోసం బుకీ కోర్టుకు పోలేడు. లోన్ యాప్‌వాళ్ళు ఫోన్లోని బంధువులందరికీ ఫోన్లు చేసి బెదిరిస్తే పోలీసులకు చెప్పాలి, సైబర్ నేరాలకు 1930 నంబరుంది. మిగతా అప్పులను ఆటతో తీర్చాలన్న ఆలోచనను తెంచేసి, జీతంతో, పనితో, నెలకు కొంత చొప్పున తీర్చే లెక్క వేయాలి. నెమ్మదిగానే తీరుతుంది. నెమ్మదిగా తీరడమే మంచిది కూడా.

ఎందుకంటే భారతంలో రెండో జూదం ఉంది. ద్రౌపది అవమానంతో సభ వణికాక ధృతరాష్ట్రుడు భయపడి వరాలిచ్చాడు. పోయిన రాజ్యం, ధనం అంతా పాండవులకు తిరిగి ఇచ్చేశాడు. అప్పు మాఫీ అయిపోయింది. రథాలెక్కి ఇంద్రప్రస్థం దారి పట్టారు. సగం దారిలో కౌరవుల దూత ప్రాతికామి వచ్చి మళ్ళీ ఆటకు రమ్మన్నాడు. ధర్మరాజు వెనక్కి తిరిగాడు. ఒక్క పందెం, పన్నెండేళ్ళ అడవి, ఒక ఏడాది అజ్ఞాతం. అనుద్యూతమని దానికి పేరు. వీధి నాటకాల్లో వస్త్రాపహరణం దగ్గర ఏడ్చిన జనం ఈ ఘట్టానికి కాస్త అలసిపోయి ఉంటారు. బెట్టింగ్ ఉన్న ఇంటికి మాత్రం అసలు పాఠం ఇక్కడే ఉంది. కొడుకు ఏడ్చాడని నాన్న అరెకరం అమ్మి మొత్తం అప్పు ఒక్కసారే కట్టేస్తాడు. ఆ ప్రేమను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాని జేబు ఖాళీ అయిన బాధ ఒక్క రోజులో మాయమైతే, మెదడు దాన్ని గెలుపుగానే లెక్కవేసుకుంటుంది. పదిహేను రోజులకు ప్రాతికామి ఫోన్ చేస్తాడు. అప్పు ఎవరికి ఎంతో కుటుంబం చూడాలి, అప్పులవాళ్ళతో పెద్దలు మాట్లాడాలి, డబ్బు కుర్రాడి చేతికి ఇవ్వకూడదు, కష్టపడి తీర్చే భాగం వాడికి ఉంచాలి.

మాట్లాడకుండా, తినకుండా, గదిలో కూర్చుని, "నేను లేకపోతే మీకే మంచిది" అన్న మాట అన్నవాణ్ణి మాత్రం ఒక్క నిమిషం ఒంటరిగా వదలకూడదు. అప్పుడు లెక్కలూ వద్దు, మందలింపులూ వద్దు. టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగముంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఫోను, ఆన్‌లైన్ వ్యసనాలకు షట్ క్లినిక్ పేరుతో 2014 నుంచి వైద్యం చేస్తున్నారు. మాటల చికిత్స ఉంది, అవసరమైతే మందులున్నాయి. జారిపోయి మళ్ళీ ఆడినవాళ్ళు కూడా చాలామంది తర్వాత నిలబడతారు. ఒకసారి జారితే అంతా పోయిందని అనుకోవడం కూడా, పోయిందంతా ఒకేసారి రావాలనుకోవడం లాంటిదే.

పుత్తూరులో, శ్రీకాళహస్తిలో, ఇంకా ఎన్నో ఊళ్ళలో అగ్నిగుండం తొక్కేవాళ్ళు ముందుగా కంకణం కట్టుకుంటారు. పసుపు దారం, మణికట్టుకు. ఆ రోజుల్లో మాంసం ముట్టరు, మందు ముట్టరు. వాళ్ళు వ్రతంలో ఉన్నారని ఊరికి తెలుస్తుంది, తెలుసు గనక ఊరు తోడు నిలబడుతుంది. టీ అంగడివాడు కూడా గ్లాసు వేరేగా కడిగి ఇస్తాడు. పందెం మానాలనుకున్న కుర్రాడు అలాంటి దారం ఏదో కట్టుకోవచ్చు, ఇంట్లో చెప్పుకోవచ్చు, ఒకరిద్దరు స్నేహితులకు చెప్పుకోవచ్చు. పండగ అయ్యాక అందరూ కంకణాలు విప్పేస్తారు. పంతొమ్మిదో రోజు సాయంత్రం ఏడున్నరకు మ్యాచ్ ఉంటుంది. ఆ మూడున్నర గంటలు ఎవరి పక్కన కూర్చోవాలో, ఫోన్ ఎవరి దగ్గర ఉండాలో, అక్కతోనో మామతోనో రూమ్మేట్‌తోనో ఆ రోజు పొద్దున్నే మాట్లాడి పెట్టుకోవాలి.